అంతా పోను నలభై వేలు

ఆ గురువారం తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తూనే కువో షుయిమూ తన రోజును రెండు ముక్కలుగా కోసుకున్నాడు. పదింటికి కొట్టు కిటకిటలాడాలి. రెండింటికి కొట్టులో ఈగలు తోలుకుంటూ ఉండాలి. పదింటికి వచ్చేది బ్యాంకు మనిషి, రెండింటికి వచ్చేది పన్నుల ఆఫీసు మనిషి. మొదటివాళ్ళకి తను కలిగినవాడిలా కనబడాలి, రెండోవాళ్ళకి కటిక పేదవాడిలా. మధ్యలో నాలుగు గంటల వ్యవధి ఉంది. మనిషి తల్చుకుంటే నాలుగు గంటల్లో ఎంతైనా చితికిపోవచ్చునని అతని నమ్మకం.

తైనాన్‌లో చేపల మార్కెట్టు వెనక సందులో ఇరవై రెండేళ్ళుగా అతను పాలబొంత చేప గంజి అమ్ముతున్నాడు. పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది దాకా జనం వసారా స్తంభాల వెంట బారులు తీరి, ఊదుకుంటూ తిని, మూతి తుడుచుకుని వెళ్తారు. తొమ్మిదిన్నరకల్లా చేప అయిపోతుంది, జనమూ అయిపోతారు. నెలకి అమ్మకం నాలుగు లక్షల ముప్ఫై వేల యువాన్లు. పన్నుల ఆఫీసుకి అతను రాసిచ్చేది లక్షా ఎనభై వేలు. ఈ అంకె ఊరికే ఊడిపడలేదు. నెలకి రెండు లక్షల లోపు అమ్మే కొట్టువాడు రసీదులు ఇవ్వనక్కర్లేదు, పన్ను కూడా పేరుకే. రెండు లక్షలు దాటిందంటే రసీదు మిషను పెట్టుకోవాలి, అమ్మిన ప్రతి గిన్నె మీదా నూటికి ఐదు కట్టాలి. అందుకని షుయిమూ వ్యాపారం కాగితం మీద ఇరవై రెండేళ్ళుగా లక్షా ఎనభై దగ్గరే ఆగిపోయింది.

"అంతా పోను నలభై వేలు మిగులుతుందండీ" అన్నది అతని నిత్యపారాయణం. పన్నుల ఆఫీసులో అదే మాట, అద్దె పెంచుతానన్న ఇంటావిడకి అదే మాట, చేబదులడిగే బావమరిదికి అదే మాట, గుడి చందాకు వచ్చినవాళ్ళకీ అదే మాట. చెప్పీ చెప్పీ అతని ముఖం కూడా నలభై వేలకి తగ్గట్టే తయారయింది.

అలాగని రసీదంటే గిట్టనివాడు కాడు. ఇతరుల కొట్లో సబ్బుబిళ్ళ కొన్నా రసీదు చేతికి వచ్చేదాకా కదలడు. రసీదు మీది నంబరుకి ప్రభుత్వం రెండు నెలలకోసారి లాటరీ తీస్తుంది మరి. కొట్టువాళ్ళ మీద నిఘాకి మనుషుల్ని పెడితే జీతాలివ్వాలి. కొన్నవాళ్ళకి లాటరీ ఆశ చూపిస్తే ఊరు ఊరంతా ఉచితంగా కాపలా కాస్తుంది. ఆ కాపలావాళ్ళలో షుయిమూ అందరికన్నా నిక్కచ్చి మనిషి. ఇరవై అయిదో తారీఖున కళ్ళజోడు పెట్టుకుని, డబ్బాడు రసీదులు ముందేసుకుని, నంబర్లు సరిచూసుకుంటాడు.

ఇంతకాలం సజావుగా సాగిన ఈ పేదరికానికి రెండు వారాల కిందట గండి పడింది. ఇంటావిడ త్సాయ్ అవ్వ కొట్టు అమ్మేస్తానంది. ఎనభై రెండేళ్ళ అవ్వకి ఆ సందులో మూడు ఇళ్ళున్నాయి, ఆ మూడింటినీ చూసుకునే ఓపిక లేదు. ఒక టీ కంపెనీ కోటీ ఇరవై లక్షలు ఇస్తానంది.

"నువ్వు పేదవాడివి షుయిమూ, నీ మొహం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నెలాఖరు దాకా ఆగుతాను. అదే ధర నువ్విస్తే నీకే. లేదంటే వాళ్ళకి రాసిచ్చేస్తాను" అంది అవ్వ.

ఆ రాత్రి అతనికి కంటిమీద కునుకు లేదు. ఆ పొయ్యి, ఆ వసారా, నీళ్ళు కారే ఆ కప్పు పోతే యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఎక్కడికి పోయి గరిట పట్టాలి? బిస్కెట్ డబ్బాల్లో దాచిన సొమ్ము నలభై లక్షలుంది. మిగతా ఎనభై బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకులో కాగితాలు చూసిన అమ్మాయి మర్యాదగానే అడిగింది: "నెలకి నలభై వేలు మిగిలే మీరు, నెలకి నలభై రెండు వేలు వాయిదా ఎలా కడతారండీ?" ఇరవై రెండేళ్ళలో తన అబద్ధాన్ని ఒక మనిషి ఇంత శ్రద్ధగా నమ్మడం షుయిమూకి అదే మొదలు. చాలా బతిమాలితే ఆ అమ్మాయి ఒక దారి చూపించింది. గురువారం పదింటికి తమ అధికారి మామూలు గిరాకీలా వచ్చి వ్యాపారం చూస్తాడు. ముందుగా పేరు చెప్పుకోవడం నిబంధనలకి విరుద్ధం. చూసింది నచ్చితే గల్లా దగ్గరికి వచ్చి అప్పుడు చెప్పుకుంటాడు.

మర్నాడే పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పరిశీలనకి అదే గురువారం, రెండింటికి.

"నిజం చెప్పేస్తే పోదా?" అంది భార్య సుకిం, చేపముల్లు తీస్తూ. "ఇద్దరికీ ఒకటే నిజం. గుర్తుపెట్టుకోవడం తేలిక."

"నిజం చెబితే అప్పొస్తుందే, దాంతో పాటు పన్నూ వస్తుంది."

"అబద్ధం చెబితే రెండూ రావు. కొట్టూ రాదు."

"నువ్వు ముళ్ళు తియ్యి" అన్నాడు షుయిమూ.

పదింటికి నిజమైన జనం ఉండరు కాబట్టి జనాన్ని తేవాలి. జనం దొరికేది వార్డు పెద్ద హుంగ్ దగ్గర. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, హుంగ్ సభలకి వచ్చే వయసు మళ్ళినవాళ్ళు ముప్ఫై మంది ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. టోపీ పెట్టుకోమంటే పెట్టుకుంటారు, చప్పట్లు కొట్టమంటే కొడతారు, ఎవరి కోసమని అడగరు.

"మనిషికి గంటకి రెండు వందలు" అన్నాడు హుంగ్, టీ పోస్తూ. "పన్నెండు దాటితే డబ్బా భోజనం. కోడికాలు ఉండాలి. అది లేకపోతే మావాళ్ళు సభలకే రారు."

"పన్నెండు దాకా ఎందుకన్నా? తొమ్మిదిన్నరకి రావాలి, పదిన్నరకి పోవాలి. గంట పని."

"అయితే ఇంకేం, చవకే. డబ్బు మాత్రం గంట లెక్కన. పని అయిందా లేదా అన్నది మాకు సంబంధం లేదు. మా సభల్లోనూ అంతే, నేను గెలిచినా ఓడినా వాళ్ళ గంట వాళ్ళదే."

షుయిమూ తలాడించాడు. ఏం ఒప్పుకున్నాడో అతనికి గురువారం పొద్దున ఆరింటికి తెలిసింది.

అప్పటికి పదకొండు గిన్నెలు అమ్మాడు. పన్నెండో మనిషి కోసం ఎదురుచూస్తుండగా, వసారాలో కుర్చీపీటలు ఈడుస్తున్న చప్పుడైంది. చూస్తే ముప్ఫై మంది పెద్దవాళ్ళు, ముప్ఫై నెత్తుల మీదా "నంబర్ మూడు, హుంగ్" అని రాసిన పసుపు టోపీలు.

"తొమ్మిదిన్నరకి కదమ్మా రమ్మన్నది!" అన్నాడు షుయిమూ.

వరసలో మొదట నిలబడ్డ బొద్దావిడ నవ్వింది. "గంటకి రెండు వందలన్నారు బాబూ. తొమ్మిదిన్నరకి రావడానికి మేమేమైనా పిచ్చివాళ్ళమా?"

"సరే వచ్చారు. ఎలాగూ ముందున్నారు, ఒక గిన్నె తినండి. వెనకవాళ్ళు కదులుతారు."

"తినమని ఒప్పందంలో లేదే! నిలబడమన్నారు, నిలబడ్డాం. తింటే వెళ్ళిపోవాలి, వెళ్ళిపోతే గంట కట్."

పక్కావిడ బుట్టలోంచి అల్లిక తీసింది. ఆవిడ తీరు చూస్తే స్వెట్టరు పూర్తయ్యేదాకా కదిలేలా లేదు.

రోజూ వచ్చే చేపల మార్కెట్టు కూలీలు, టాక్సీవాళ్ళు ఆ బారు చూసి "ఇవాళ కుదరదు" అనుకుని పక్క సందులో దోరగా వేయించిన రొట్టెల కోసం పోయారు. కానీ ఈ కొట్టు ముఖం ఎన్నడూ చూడనివాళ్ళు వచ్చి చేరడం మొదలెట్టారు. తైనాన్ మనిషికి వరస కనబడితే కాలు ఆగదు. ముందు నిలబడతాడు, దేనికి నిలబడ్డాడో తరవాత కనుక్కుంటాడు. ఎనిమిదయ్యేసరికి వరస వసారా దాటి, మందులషాపు దాటి, మలుపు తిరిగింది. "ఎంతసేపట్నించి ఉన్నారు?" అని వెనకవాళ్ళు అడిగితే "ఆరింటి నించీ" అని పసుపు టోపీలు గర్వంగా చెప్పాయి. రెండు గంటలు కదలని వరసంటే గంజి ఇంకెంత బాగుండాలి! ఇంకో పదిమంది చేరారు.

షుయిమూ మొదట కంగారుపడ్డాడు, తరవాత మురిసిపోయాడు. ఇవాళ ముఖ్యం అమ్మకం కాదు, వరస. గంజి కుండ నిండుగా, గిన్నెలు పొడిగా ఉన్నాయి. "చూశావుటే" అన్నాడు సుకింతో. "ఇదే రోజూ ఉంటే బ్యాంకే కొనుక్కునేవాళ్ళం."

"పదకొండు గిన్నెలకా?" అంది సుకిం.

పదికి అయిదు నిమిషాలు ఉందనగా బ్యాంకు అధికారి యెన్ వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్న కుర్రాడు. నిజానికి అతను చేయాల్సిందల్లా ముందుకు వెళ్ళి గల్లా దగ్గర పేరు చెప్పుకోవడం. కానీ ముందుకు వెళ్ళాలంటే డెబ్భైమందిని దాటుకుని పోవాలి. వరస తప్పడమన్నది యెన్‌కి పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ తెలియదు. వెళ్ళి అందరి వెనకా, మలుపు అవతల నిలబడ్డాడు.

అదీ చిక్కు. బ్యాంకు మనిషి వస్తేగాని వరసను పంపించనని షుయిమూ అక్కడ కూర్చున్నాడు. వరస కదిలితేగాని ముందుకు రాలేని బ్యాంకు మనిషి ఇక్కడ నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు, మధ్యలో గంటకి ఆరువేలు ఖర్చవుతోంది.

పదిన్నర అయింది, పదకొండయింది. షుయిమూ ఆగలేక బ్యాంకుకి ఫోన్ చేశాడు.

"మా అధికారి ఎప్పుడో బయల్దేరారండీ" అంది ఆ అమ్మాయి. "ఇప్పుడే మెసేజ్ పెట్టారు, అక్కడే ఉన్నారట, చూస్తున్నారట."

షుయిమూ ఫోన్ పెట్టేశాడు. చూస్తున్నాడు! ఎక్కణ్ణుంచో చూస్తున్నాడు! ఇప్పుడు వరసను పంపిస్తే అంతా తెలిసిపోదూ? చుట్టూ కలయజూశాడు. రోడ్డవతల తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన స్కూటరుకి ఆనుకుని ఇటే చూస్తున్నాడు. మధ్యమధ్య ఫోన్ ఎత్తి ఫోటో కూడా తీస్తున్నాడు.

"అతనే" అన్నాడు షుయిమూ గుసగుసగా. వరస దగ్గరికి పోయి, "అమ్మా, అటు కెమెరా ఉంది, కాస్త హుషారుగా ఉండండి" అన్నాడు.

కెమెరా అన్న మాట వినగానే ఆ ముప్ఫై మందికి అలవాటైన పని ఒక్కటే. అల్లికలు కింద పెట్టి, పిడికిళ్ళు ఎత్తి, "హుంగ్ గెలవాలి! హుంగ్ గెలవాలి!" అని సందు దద్దరిల్లేలా అరిచారు. మధ్యలో చేరినవాళ్ళు, గంజి త్వరగా వస్తుందేమోనని, వాళ్ళూ అందుకున్నారు. షుయిమూ వద్దు వద్దని చేతులూపాడు. అతని చేతులూపు చూసి ఇంకా ఊపుగా అరిచారు. తెల్లచొక్కాయన మాత్రం పక్కనున్న పళ్ళడాక్టరు ఆసుపత్రిలోంచి భార్య బుగ్గ పట్టుకుని వస్తే, స్కూటరెక్కించుకుని వెళ్ళిపోయాడు.

పదకొండూ యాభైకి షుయిమూ ఖర్చు భరించలేక వరసను కాస్తయినా కదపాలని చూశాడు. "అక్కలూ, పది నిమిషాల్లో ముగించేద్దాం. మెల్లగా ముందుకు జరగండి."

ముందున్న బొద్దావిడ గడియారం చూసుకుంది. వెనకావిడతో ఏదో అంది. ఆ మాట అలా వరస వెంట చివరిదాకా పాకింది. ఆ తరవాత ఒకావిడకి చెప్పు తెగింది, ఒకాయనకి కాలు పట్టేసింది, ఇంకొకాయన టోపీ కాలవలో పడింది. అన్నీ సర్దుకునేసరికి పన్నెండూ రెండు నిమిషాలు.

"భోజనం" అంది బొద్దావిడ.

"గంజి ఉందిగా! కుండెడు ఉంది! చేప ఎలా ఉందో చూడండి, తెల్లగా..."

"కోడికాలు" అన్నారు ముప్ఫై మందీ.

సుకిం వెళ్ళి, మూడో వీధిలో ముప్ఫై డబ్బాలు కట్టించుకొచ్చింది. వచ్చేముందు రసీదు అడిగి తీసుకుంది, అలవాటు ప్రకారం. తరవాత ఆ సందులో వెళ్ళినవాళ్ళంతా చూసిన దృశ్యం ఇదీ: పాలబొంత గంజి కోసం బారులు తీరిన జనం, నిలబడే కోడికాళ్ళు పీక్కుతింటున్నారు.

డబ్బాలు పంచుతూ వస్తున్న షుయిమూ పద్దెనిమిదో టోపీ దగ్గర ఆగిపోయాడు. టోపీ కింద త్సాయ్ అవ్వ.

"అవ్వా, మీరా! మూడిళ్ళ ఆసామి, మీకెందుకీ కూలి?"

"ఇంట్లో కూర్చుంటే గంటకి రెండు వందలు ఎవడిస్తాడ్రా?" అంది అవ్వ, డబ్బా మూత తీసి కోడికాలు పెద్దదా చిన్నదా చూసుకుంటూ. "అయినా నిన్ను చూస్తే జాలేస్తోంది. గిరాకీ లేక మమ్మల్ని తెచ్చుకునే గతి పట్టింది పాపం."

షుయిమూ ముఖం నలభై వేలకి దించి, అవునన్నట్టు నిట్టూర్చాడు.

పన్నెండున్నరకి పన్నుల ఆఫీసు నుంచి ఫాన్ గారు వచ్చారు. రెండింటికి అని రాసి గంటన్నర ముందే రావడం ఆవిడ వృత్తిధర్మం. ఆవిడ కూడా వరసను తోసుకుని రాలేదు. చివర నిలబడ్డారు, యెన్ వెనక. ఎండ పేలిపోతోంది. ఆవిడ గొడుగు విప్పి యెన్‌కి కూడా పట్టారు.

"ఎంతసేపయింది బాబూ?"

"పదింటికి వచ్చానండీ. రెండడుగులు కదిలింది."

"గంజి అంత బాగుంటుందా?"

"తెలియదండీ. ఇంతమంది నిలబడ్డారంటే బాగానే ఉండాలి."

ఫాన్ గారు చిన్న పుస్తకం తీసి, తలలు లెక్కపెట్టడం మొదలెట్టారు. కాసేపటికి కొట్టేశారు. మలుపు దాకా వెళ్ళి తొంగి చూసి, కొట్లో కడిగి బోర్లించిన గిన్నెల్ని లెక్కపెట్టడం మొదలెట్టారు.

ఒంటిగంటన్నరకి హుంగ్ వ్యాన్ వచ్చింది, అవతల వార్డులో సభ ఉందట. ముప్ఫై మందికి ఏడున్నర గంటలు, నలభై అయిదు వేలు. షుయిమూ రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. టోపీలన్నీ వ్యాన్ ఎక్కాయి. త్సాయ్ అవ్వ ఒక్కతే మోకాళ్ళ నొప్పులని పీట మీద కూర్చుండిపోయింది. పొద్దుణ్ణించీ మధ్యలో చేరినవాళ్ళు ఎప్పుడో విసుగెత్తి జారుకున్నారు. చూస్తుండగానే సందు ఖాళీ అయింది. వరసలో ఇద్దరే మిగిలారు. వాళ్ళు బుద్ధిగా, మధ్యలో ఖాళీ ఉందికదా అని పరుగెత్తకుండా, నడుచుకుంటూ గల్లా దగ్గరికి వచ్చారు.

"రెండు గిన్నెలు" అన్నాడు యెన్, ఎండిపోయిన గొంతుతో.

షుయిమూ వాళ్ళ ముఖాల వంక కూడా చూడలేదు. గరిట కుండలో గుచ్చి, భార్య మీద విరుచుకుపడ్డాడు. "చూశావుటే! నలభై అయిదు వేలు! కోడికాళ్ళకి ఇంకో మూడు వేలు! ఇంతా చేస్తే ఆ బ్యాంకు దద్దమ్మ రానే లేదు! దొంగవరస కట్టించి బ్యాంకుని బోల్తా కొట్టిద్దామనుకుంటే నా నెత్తికే చుట్టుకుంది. పోనీలే, ఆ పన్ను రాకాసి వచ్చేసరికి కొట్టు ఖాళీగా ఉంటుంది, అదొక్కటే నయం. తీసుకోండమ్మా, గంజి. ఇద్దరికీ కలిపి రెండు వందల నలభై."

"రసీదు?" అన్నారు ఫాన్ గారు.

"మాది చిన్న కొట్టమ్మా, ఇవ్వం. అంతా పోను నలభై వేలు మిగులుతుంది."

యెన్ జేబులోంచి కార్డు తీసి, రెండు చేతులతో మర్యాదగా అందించాడు. ఫాన్ గారు మెడలోని గుర్తింపు బిళ్ళ చొక్కాలోంచి బయటికి తీశారు. షుయిమూ ఒకసారి అది, ఒకసారి ఇది చూశాడు. గరిట కుండలోకి జారి మునిగిపోయింది.

"దొంగవరస అన్నారు" అన్నాడు యెన్, బాధగా.

"అబ్బెబ్బే, ఊరికే కోపంలో అన్నానండీ! అందరూ గిరాకీలే! నా గిరాకీలే!"

"గిరాకీలా?" అన్నారు ఫాన్ గారు, పెన్ను తీస్తూ. "అయితే డెబ్భైమంది, మనిషికి నూట ఇరవై..."

"కాదమ్మా! అందరూ కూలికి వచ్చినవాళ్ళే! ఒక్కడూ గిరాకీ కాదు!"

"కూలికా? గంటల లెక్కన జీతమిచ్చి ముప్ఫై మందిని పెట్టుకున్నారా? అయిదుగురున్నా చాలు, కార్మిక బీమా కట్టాలి. అది మా శాఖ కాదనుకోండి, పక్క బిల్డింగే. కబురు చేస్తాను."

"గిరాకీలే!" అని అరిచాడు షుయిమూ. యెన్ ముఖంలో ఆశ కనబడింది. ఫాన్ గారు మళ్ళీ పెన్ను ఎత్తారు. షుయిమూ నోరు తెరిచి, ఏ మాటకి ఏ మూల నుంచి దెబ్బ పడుతుందో తెలియక, అలాగే ఉంచేశాడు.

"మీరు కంగారుపడకండి" అన్నారు ఫాన్ గారు, కాస్త మెత్తబడి. "మేము తలలు లెక్కపెట్టం, గిన్నెలు లెక్కపెడతాం. పొద్దుణ్ణించీ వాడిన గిన్నెలు పదకొండు, మా ఇద్దరివీ కలిపి పదమూడు. కుండ నిండుగా ఉంది. రోజుకి పదమూడు గిన్నెలంటే నెలకి నలభై ఏడు వేల అమ్మకం కూడా లేదు. మీరు పాపం లక్షా ఎనభై అని రాసి ఎక్కువ పన్ను కడుతున్నారు. ఇంత నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు. పన్ను తగ్గించమని రాస్తున్నాను."

ఇరవై రెండేళ్ళుగా షుయిమూ కలలు కన్న వాక్యం అది. కానీ ఆవిడ రాస్తున్నది యెన్ కూడా చదువుతున్నాడు. చదివి, సంచీ సర్దుకుంటున్నాడు.

"క్షమించండి కువో గారూ" అన్నాడు. "ప్రభుత్వమే నలభై ఏడు వేలని రాశాక, మేము ఎనభై లక్షలు..."

"ఆగండి!" షుయిమూ గల్లా వెనకనుంచి బయటికి ఉరికాడు. కళ్ళ ముందు టీ కంపెనీ బోర్డు కనబడింది, ఆ బోర్డు కింద తన పొయ్యి రోడ్డు మీద కనబడింది. ఫాన్ గారి పుస్తకం రెండు చేతులా పట్టుకున్నాడు. "అమ్మా, రాయకండి! నేను నిజాయితీపరుణ్ణి కాదు! నేను దొంగని! నాది నాలుగు లక్షల ముప్ఫై వేలు! నా మీద పన్ను వేయండి!"

ఫాన్ గారు పుస్తకం మెల్లగా విడిపించుకున్నారు. "అప్పు కోసం అమ్మకం పెంచి చెప్పేవాళ్ళని చాలామందిని చూశానండీ. రుజువేది?"

రుజువా? ఇరవై రెండేళ్ళుగా ఒక్క రుజువు మిగలకుండా జాగ్రత్తపడ్డ మనిషి ఎక్కణ్ణుంచి తెస్తాడు? తన దొంగతనాన్ని తనే రుజువు చేసుకోలేక షుయిమూ పీట మీద కూలబడి, నిజంగానే ఏడ్చాడు.

సుకిం చేతులు తుడుచుకుని మేడ మీదికి వెళ్ళింది. దిగి వచ్చేటప్పుడు రెండు పెద్ద టిన్ డబ్బాలు మోసుకొచ్చింది. నిండా రోజూ చింపే గోడ కేలెండరు కాగితాలు. ప్రతి కాగితం వెనకా ఆ రోజు అమ్మిన గిన్నెలు, వచ్చిన డబ్బు, చేపకి పోయింది, బియ్యానికి పోయింది. ఒక్క రోజు తప్పలేదు.

"ఇవి తగలబెట్టమన్నానుగా!" అన్నాడు షుయిమూ.

"నువ్వు అన్నావు. నేను ఊఁ అన్నాను. తగలబెట్టలేదు." సుకిం డబ్బాల మీద మధ్యాహ్నం భోజనాల రసీదు కూడా పెట్టింది. "ఇదొక్కటి ఇవాళ్టిది. మా కొట్టుకి సంబంధించి రసీదు ఉన్న ఖర్చు ఇదొక్కటే."

ఫాన్ గారు కాగితాలు తిరగేస్తున్నకొద్దీ ఆవిడ ముఖం వికసించింది. యెన్ పక్కనుంచి తొంగి చూస్తూ, అతనూ వికసించాడు. పీట మీద త్సాయ్ అవ్వ మాత్రం మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచి నిలబడింది.

"నాలుగు లక్షల ముప్ఫై వేలా?" అంది అవ్వ. "ప్రతి ఏడూ అద్దె పెంచుతానంటే ముక్కు చీదేవాడివి కదరా! నేను పోయి నీకు పాతబట్టలు కూడా తెచ్చి ఇచ్చానే! ఇరవై రెండేళ్ళు నీ గంజి తాగాను, ఒక్క రసీదిచ్చావా? నాకు ఎన్ని లాటరీలు పోయాయో! కోటీ ఇరవై పేదవాడి ధర. నీ ధర కోటీ ముప్ఫై."

"అవ్వా!"

"టీ కంపెనీకి ఫోన్ చేయమంటావా?"

గంజి చల్లారిపోతుండగా ముగ్గురూ కలిసి షుయిమూ బతుకుని తిరగరాశారు. వెనకటి పన్ను, వడ్డీ, జరిమానా కలిపి పధ్నాలుగు లక్షలని ఫాన్ గారు తేల్చారు. బిస్కెట్ డబ్బాల్లోని నలభైలో అవి పోగా ఇరవై ఆరు. కోటీ ముప్ఫైలో ఆ ఇరవై ఆరు పోగా కోటీ నాలుగు, అది బ్యాంకు ఇస్తుందని యెన్ ఆనందంగా చెప్పాడు. నెలకి యాభై నాలుగు వేలు వాయిదా, ఇరవై ఏళ్ళు. "ఇంత పక్కా లెక్కలున్న గిరాకీ మాకు దొరకడం అరుదండీ" అని సుకింకి వంగి నమస్కారం పెట్టాడు. కొట్టు దక్కింది. కొట్టు దక్కినందుకు షుయిమూకి కలిగిన సంతోషం ఎంతంటే, సంతకం పెడుతున్నంతసేపూ వెక్కుతూనే ఉన్నాడు.

మరుసటి నెల గల్లా మీద రసీదు మిషను వెలిసింది. మొదటి రసీదు త్సాయ్ అవ్వ నిలబడి తీసుకుంది, నంబరు చదివి జేబులో పెట్టుకుంది. ఇరవై అయిదో తారీఖు లాటరీలో, సుకిం తెచ్చిన కోడికాళ్ళ రసీదుకి రెండు వందలు తగిలాయి. ఆ నెలాఖరున సుకిం కేలెండరు కాగితం వెనక చేప, బియ్యం, గ్యాసు, పన్ను, వాయిదా అన్నీ రాసి, కింద గీత గీసి భర్తకి చూపించింది. అంతా పోను నలభై వేలు మిగిలింది.

షుయిమూ ఆ మాటే బావమరిదికి చెప్పాడు, గుడి చందావాళ్ళకి చెప్పాడు, హుంగ్‌కి కూడా చెప్పాడు. ఈసారి ఒక్కరూ నమ్మలేదు.